అందానికి జుర్మానా

ఖుర్షీదా దుకాణంలోకి మొదటిసారి అడుగుపెట్టినవాళ్ళు ముందు తుమ్ముతారు, ఆ తర్వాత నవ్వుతారు. తుమ్ముకు కారణం దూది. నవ్వుకు కారణం ఖుర్షీదా.

మెదక్‌లో రాందాస్ చౌరస్తా నుంచి లోపలికి తిరిగే ఒక సందులో ఉంది ఆ దుకాణం. ఆమె భర్త సాబిర్ అక్కడ దూది ఏకే మిషన్ నడుపుతాడు. ఎవరెవరి నిద్రల కిందనో ఏళ్ళ తరబడి నలిగి గడ్డకట్టిన పాత దూది, ఆ మిషన్ నోట్లోంచి మళ్ళీ తెల్లగా ఊపిరి పీల్చుకుంటూ బయటికొస్తుంది. రెప్పల మీద వాలుతుంది, చాయ్ గ్లాసులో పడుతుంది, షట్టరు కింద నుంచి జారి వచ్చే ఎండకు సైతం నూగు మొలిపిస్తుంది. ఆ నూగు వెలుతురు నడుమ, పరిచిన పరుపు మీద ఒక మోకాలు మడిచి కూర్చుని, పొడవాటి దబ్బనంతో కుట్లు వేస్తూ ఖుర్షీదా ఉంటుంది.

ఆమె పుట్టింది కుల్చారంలో, దూదేకుల ఇంట్లో. తండ్రి ఏకు విల్లు భుజాన వేసుకుని కౌడిపల్లి, శివ్వంపేట దాకా ఊళ్ళు తిరిగేవాడు. విల్లు నారి మోగితే చాలు, ఇళ్ళల్లో ముసలమ్మలు పాత బొంతలు విప్పి వాకిట్లో కుప్పపోసేవారు. వాళ్ళింట్లో మాటలకు తెలుగు, నమాజుకు అరబ్బీ, కోపానికి ఉర్దూ. ఖుర్షీదాకు కోపం తక్కువ కాబట్టి ఉర్దూ కూడా అంతంతమాత్రమే వచ్చింది.

ఒళ్ళు మాత్రం ఆమెకంటే తొందరపడింది. తోటి ఆడపిల్లలు ఇంకా అష్టాచెమ్మా ఆడుకుంటున్న వయసులోనే ఆమె రొమ్ములు బరువెక్కాయి. ఆ బరువు ఆగవలసిన చోట ఆగలేదు. పెళ్ళికి పెరిగింది, కాన్పులకు పెరిగింది, పిల్లలకు పాలు మాన్పించాక తగ్గడం మరిచిపోయింది. వెనక నుంచి ఎవరైనా ఏదైనా అనేలోపు ముందు నుంచి తానే అనేయడం ఖుర్షీదా నేర్చుకున్న ఉపాయం.

ఒకరోజు శివ్వంపేట నుంచి వచ్చిన బేరగాడొకడు అరలోని తలగడ మెత్తలన్నీ ఒత్తి చూసి, "ఇంకా పెద్దయి లేవా?" అని అడిగాడు. అడుగుతూ అతని చూపు అరను దాటి పక్కకు జారింది.

"ఉన్నయి," అంది ఖుర్షీదా దారం పళ్ళతో కొరుకుతూ. "గని అవి అమ్మకానికి గావు."

అతను బేరం చేయకుండానే రెండు మెత్తలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. మిషన్ వెనక నుంచి సాబిర్ ముఖం కనిపించలేదు కానీ, దూది కుప్ప మాత్రం చాలాసేపు కదులుతూ ఉంది.

ఆ నవ్వుల కింద ఏముందో ఒక చారల గుడ్డకు తెలుసు. బజారులో దొరికే బాడీలు ఆమెకు ఆగేవి కావు. పట్టీలు తెగేవి, కొక్కేలు ఊడేవి. ఒకసారి ఒక కొక్కెం ఎగిరి సాబిర్ నుదుటికి తగిలితే, అతను వెనక్కి తిరిగి రాయి విసిరిన పోరడి కోసం సందంతా వెతికి వచ్చాడు. అప్పటి నుంచి పరుపులకు వాడే మందపు చారల గుడ్డతో, మడత మీద మడత వేసిన వెడల్పు పట్టీలతో, తన బాడీ తానే కుట్టుకుంటోంది. మనుషులు పడుకుంటే చిరగని గుడ్డ ఆమెను మాత్రం ఎందుకు మోయదు? మోసింది. కానీ ఆ గుడ్డ వేలాడేది భుజాల మీదే కదా. రెండు భుజాల మీదా రెండు కాలువలు పడ్డాయి. ఎండాకాలం వస్తే ఎద కింద చర్మం చిట్లి మండేది. మెడలో పుట్టిన నొప్పి వాగులా భుజం దిగి, మోచేయి దాటి, వేళ్ళ చివర్లలో ఇంకిపోయేది. అది ఇంకిపోయాక అక్కడ ఏమీ మిగిలేది కాదు. స్పర్శ కూడా.

అలాంటి ఒక మధ్యాహ్నం పెళ్ళివాళ్ళ పరుపు కుడుతుంటే దబ్బనం వేళ్ళలోంచి జారింది. జారిన సంగతి వేళ్ళకు తెలియలేదు. దారం తెగి అది పక్కన ఎక్కడో పడిందనుకుని ఆమె ఇంకో దబ్బనం తీసుకుని కుట్టు పూర్తిచేసింది. సాయంత్రం లెక్కకు ఒక దబ్బనం తక్కువైంది.

పరుపులో సూది మరిచిన చేతికి మళ్ళీ ఎవరూ పని ఇవ్వరు. అందులోనూ అది కొత్త జంట పరుపు. సాబిర్ మిషన్ ఆపాడు. షట్టరు సగం దించాడు. ఇద్దరూ కూర్చుని కుట్లన్నీ విప్పారు. అరచేత్తో దూదిని పలచగా తడుముతూ తడుముతూ పోయిన సాబిర్ ఒకచోట ఆగి, "ఇగో," అన్నాడు. దబ్బనం చల్లగా, అమాయకంగా, మొన పైకెత్తి పడుకుని ఉంది.

"నువ్విగ కుట్టకు ఖుర్షీదా," అన్నాడు. "గలేబులు తొడుగు. చాలు."

ఆమె ఏదో ఒక హాస్యం కోసం నోట్లో వెతుక్కుంది. దొరకలేదు. తండ్రి విల్లు తనదాకా రాలేదు, మిషన్ వచ్చి మింగేసింది. చేతికి మిగిలింది ఈ దబ్బనమొక్కటే. మెత్తలకు గలేబులు తొడుగుతూ బతకడం అంటే పెళ్ళింట్లో విస్తళ్ళు తుడిచే పని దొరికినట్టే ఆమెకు. మర్నాడు పొద్దున్నే బురఖా వేసుకుని ఆసుపత్రికి బయలుదేరింది.

సర్జన్ మమత చూసింది. చాలాసేపు చూసింది. భుజాల మీది కాలువలను, మెడను, వేళ్ళను.

"ఇన్నేండ్లు ఎందుకు రాలేదమ్మా?"

"గిది రోగమని నాకేం ఎరుక మేడం? అల్లా జర ఎక్కువ ఇచ్చిండనుకున్న."

మమత నవ్వింది, వెంటనే నవ్వు ఆపింది. తగ్గించే ఆపరేషన్ ఉందని చెప్పింది. హైదరాబాదులో పెద్దాసుపత్రిలో చేస్తారు. సర్కారు పథకం కార్డు మీద కావాలంటే మాత్రం ఒక చిక్కుంది.

"రోగం కోసం అయితే చేస్తరు. అందం కోసం అయితే చెయ్యరు. నీది రోగమే అని నేను రాస్త. గని అక్కడ డాక్టర్ల కమిటీ ఉంటది, వాళ్ళు ఫొటోలు చూసి తేలుస్తరు. సిస్టర్ ఇప్పుడే తీస్తది. ముఖం రాదు, భయపడకు."

సిస్టర్ తన ఫోను తీసింది. ఫోను మీద ఆమె భర్త మీసాలతో నవ్వుతున్నాడు. ఖుర్షీదా ఆ మీసాలను చూసింది, కొంగు మళ్ళీ కప్పుకుంది.

"వద్దు మేడం. గీ ఫోను సాయంత్రం ఇంటికి పోతది. ఇంట్ల ఈయన ఉంటడు."

"డిలీట్ చేస్తనమ్మా," అంది సిస్టర్ నొచ్చుకుంటూ.

"నువ్వు చేస్తవ్ బిడ్డా. నాకు నిద్ర పట్టాలె గద."

చివరికి మమత ఒప్పుకుంది. ముందు నుంచి, పక్క నుంచి, భుజాలు దగ్గరగా - నమ్మకమున్న చోట తీయించుకుని పథకం కౌంటర్‌లో ఇమ్మంది. ఖుర్షీదాకు నమ్మకమున్న చోటు ఊళ్ళో ఒకటే: చర్చి దారిలో దేవిక ఫొటో స్టూడియో.

బోర్డు మీద దేవిక తండ్రి విక్టర్ పేరు ఉంటుంది, లోపల దేవిక ఉంటుంది. చీరల ఫంక్షన్లకు, సీమంతాలకు, బురఖా వదిలి కెమెరా ముందు కూర్చోవడానికి ఆడవాళ్ళు ఆమె దగ్గరికే వెళ్తారు. దేవిక చేతిలో ఒక గుణం ఉంది. ఆమె స్టూడియో గడప దాటిన ఫొటోలో ఎవరికీ మచ్చ ఉండదు, మొటిమ ఉండదు, కంటి కింద నలుపు ఉండదు. అమ్మవారు పోసి గుంటలు పడ్డ ముఖాలు కూడా ఆమె కంప్యూటరులో ఒక రాత్రి పడుకుని లేచి, పొద్దున్నకు నున్నటి పాలమీగడలై వస్తాయి. ఊళ్ళో సగం సంబంధాలు ఆ మీగడ మీదే కుదిరాయని ప్రతీతి.

దేవిక తలుపు గడియ వేసింది, కిటికీకి నల్ల గుడ్డ కట్టింది, వచ్చిపోయేవాళ్ళ కోసం బయట "భోజన విరామం" అన్న అట్ట తగిలించింది. ఖుర్షీదా చారల బాడీ విప్పి పక్కన పెడితే అది కూలిపోకుండా తన కాళ్ళ మీద తానే నిలబడింది.

"ఇది పరుపు గుడ్డ గదక్కా!"

"అవును. పండుకుంటవా?"

దేవిక పడీపడీ నవ్వి, కెమెరా వెనక్కి వెళ్ళింది. వెళ్ళగానే ఆమెను అలవాటు పూనింది.

"భుజాలు ఎనకకు అక్కా. ఆఁ, నిటారుగ. మెడ పైకి. గదవ జర ఎత్తు. నవ్వు."

"ముఖం రాదన్నది గదనే మేడం?"

"రాకపోతే ఏంది? నవ్వితే ఒళ్ళు మంచిగ వస్తది."

ఖుర్షీదా నవ్వింది. మెడ ఎత్తింది. ఏళ్ళ తరబడి ముందుకు వంగిన వెన్ను ఆ కొన్ని క్షణాలు, దేవిక కోసం, పెళ్ళికూతురి వెన్నులా నిలబడింది. తీసిన ఫొటోలు చూస్తావా అంటే మాత్రం అద్దంలోనే చూసుకోను, నువ్వే చూసుకో అని బురఖా వేసుకుని వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక దేవిక కంప్యూటరు ముందు కూర్చుంది. తెర నిండా ఖుర్షీదక్క భుజం. దాని మీద మనిషి వేలు పట్టేంత గుంట, అంచుల్లో కమిలిన నలుపు. ఎద కింద ఎర్రటి పుండ్ల గీత. దేవికకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హైదరాబాదు పెద్ద డాక్టర్లు చూస్తారట. ఎవరెవరో చూస్తారట. అక్కను ఇట్లా పంపాలా? ముఖం లేకపోయినంత మాత్రాన పరువు లేకుండా పోతుందా? ఆమె మౌస్ పట్టుకుంది. ప్రేమతో గుంటలు పూడ్చింది. ప్రేమతో నలుపు కడిగింది. పుండ్ల గీత మీద గంధం రంగు చల్లింది. పక్క నుంచి తీసిన దాంట్లో వంగిన మెడను రవ్వంత లాగి నిలబెట్టింది. వెనక గోడ మాసి ఉంటే దాన్ని కూడా లేత నీలం చేసింది. పూర్తయ్యాక దూరంగా జరిగి చూసుకుని తృప్తిగా నిట్టూర్చి, ఫొటోలు కవర్‌లో పెట్టి అంటించి, పైసలు వద్దని చెప్పి మర్నాడు ఖుర్షీదా చేతికిచ్చింది.

ఖుర్షీదా ఆ కవరు తెరవకుండానే పథకం కౌంటర్‌లో ఇచ్చింది. కౌంటర్‌లో పరమేశ్ ఉంటాడు. కుర్రతనం పూర్తిగా పోని మనిషి, పెళ్ళి కాలేదు, తల ఎప్పుడూ పక్క పాపిట. ఏ రోగాన్నయినా పేరు పెట్టి గట్టిగా పిలిచే పరమేశ్‌కు ఈ కేసు దగ్గర నాలుక మడతపడింది.

"ఏం ఆపరేషన్ అక్కా?"

ఖుర్షీదా చెప్పింది.

"జర మెల్లగ చెప్పరాదే!"

"మెల్లగ చెప్తే చిన్నగైతయా తమ్మీ?"

వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పరమేశ్ చెవులు ఎర్రబడ్డాయి. అందరూ వెళ్ళిపోయాక అతను కవరు చింపి, ఫొటోలను బోర్లా తీసి, బోర్లాగానే స్కానరు మీద పెట్టి, మూత వేసి, కళ్ళు గట్టిగా మూసుకుని బటన్ నొక్కాడు. అవి కమిటీకి చేరాయి. మధ్యలో ఏ కంటికీ పడకుండా, నమ్మకం నుంచి మర్యాదకు, మర్యాద నుంచి హైదరాబాదుకు.

కొన్నాళ్ళకు జవాబు వచ్చింది. పరమేశ్ ఫోను చేస్తే ఖుర్షీదా పరుగున వెళ్ళింది. అతను తెర మీది మాటలు పంతులులా చదివాడు. చర్మం ఆరోగ్యంగా ఉంది. భుజాలపై ఎటువంటి గుర్తులూ లేవు. వెన్ను నిటారుగా ఉంది. కోరినది అందం నిమిత్తం చేసుకునే శస్త్రచికిత్స అయినందున పథకం వర్తించదు.

ఖుర్షీదాకు మొదట నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ బతుకులో తన పక్కన అందం అనే మాట పెట్టినవాళ్ళు లేరు. అమ్మ పెట్టలేదు, సాబిర్ పెట్టలేదు. పెట్టిన మొదటివాడు సర్కారు, అదీ వద్దని చెప్పడానికి. నవ్వు సగంలో ఉండగానే దూది కుప్పలో మొన పైకెత్తి పడుకున్న దబ్బనం గుర్తొచ్చింది. ఆమె గోడకు ఆనుకుంది. వరుసలో ఉన్నవాళ్ళు చూస్తుండగానే ఊరంతా నవ్వించే మనిషి మాట్లాడకుండా నిలబడింది. పరమేశ్ భయపడ్డాడు.

"అసలేం పంపినవ్ తమ్మీ? తెరువు, చూస్త."

"నేను... నేను చూడలేదక్కా."

"నాది నేను చూస్తనయ్యా. నువ్వు అటు తిరుగు."

పరమేశ్ ఫైలు తెరిచి గోడ వైపు తిరిగాడు. ఖుర్షీదా తెర మీదికి వంగింది. లేత నీలపు ఆకాశం కింద గంధపు రంగులో ఒక నిండు విగ్రహం నిటారుగా నిలబడి ఉంది. భుజాలు నున్నగా, తడిపిన మట్టిలా. ఆమె అటూ ఇటూ తల తిప్పి చూసింది.

"ఎవరిదే అమ్మా ఇది?" అంది చివరికి. "ఈమెకు ఆపరేషన్ ఎందుకు?"

ఆ సాయంత్రం దేవిక స్టూడియో ముందు మళ్ళీ "భోజన విరామం" అట్ట వేలాడింది. లోపల ఖుర్షీదా నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడితే, దేవిక స్టూల్ మీద ముడుచుకుని కూర్చుంది.

"ఫొటో అంటే మంచిగుండాలె గదక్కా!"

"నేనేమన్న సంబంధం చూసుకుంటున్ననా?"

"నిన్ను గట్ల పంపబుద్ధి గాలే. నాకు ఏడుపొచ్చింది."

"నీకు ఏడుపొచ్చింది పంపితే వాళ్ళకు గూడ ఏడుపొచ్చేది. పని అయ్యేది." ఖుర్షీదా కూర్చుంది. గొంతు తగ్గింది. "ఇగ జూడు పిల్లా. నా చెయ్యి పోతున్నది. దబ్బనం పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలుస్తలేదు. ఇంక రెండు చలికాలాలైతే నేను గలేబులు తొడుగుతూ కూసుంట. నువ్వు నన్ను సక్కగ చేసి నా పని చెడగొట్టినవ్."

దేవిక ముక్కు తుడుచుకుని కంప్యూటరులో వెతికింది. దిద్దకముందు తీసిన ఫొటోలు ఉన్నాయి. ఆమె దేన్నీ పారేయదు. ఊళ్ళో వాళ్ళ అసలు ముఖాలన్నీ ఆమె దగ్గర భద్రంగా ఉంటాయి. ఆ సంగతి ఊరికి తెలియదు కాబట్టి ఊరు ప్రశాంతంగా ఉంది.

మమత మళ్ళీ రాసింది. తన రాతకూ, వచ్చిన ఫొటోలకూ పొంతన లేదు కాబట్టి మనిషిని చూడాలని కోరింది. కమిటీ హైదరాబాదుకు రమ్మంది. కళ్ళు మూసుకున్న తప్పు తనది కూడా అనుకుని పరమేశ్ సెలవు పెట్టి తోడు వస్తానన్నాడు. వెళ్ళే ముందు రోజు దుకాణంలో ఖుర్షీదాకు పాఠం చెప్పాడు.

"అక్కా, అక్కడ అందం అన్న మాట నీ నోట్లకెళ్ళి రావొద్దు. నొప్పి, నొప్పి, నొప్పి. గంతే. కూసుంటే మూలుగు. లేస్తే మూలుగు. నవ్వితే మాత్రం కేసు ఖతం."

"ఏదీ, చూడు." ఖుర్షీదా ముఖం వేలాడేసి, నడుము పట్టుకుని, హమ్మా అని మూలిగింది. మూలుగు చివర కిసుక్కుమంది.

"మళ్ళ!"

మళ్ళీ మూలిగింది. మళ్ళీ కిసుక్కు.

మిషన్ వెనక నుంచి సాబిర్ అన్నాడు: "లాభం లేదు పరమేశూ. మా నాయన పోయిననాడు గూడ నవ్వింది."

"మీ నాయన జేబులకెళ్ళి దాచుకున్న మిఠాయి పడితే నవ్వకుంట ఏం జెయ్యాలె?"

కమిటీ గదిలో చల్లటి గాలి, పొడవాటి బల్ల, దాని వెనక డాక్టర్లు. మధ్యలో ఉన్నాయన పేరు జయానందం. తెల్ల కనుబొమలు, వేళ్ళు మాత్రం ఇంకా కత్తి పట్టే వేళ్ళు. తనూ తోడు వచ్చిన దేవిక ఇచ్చిన దిద్దని ఫొటోలను, ముందు పంపినవాటి పక్కన పరిచాడు. ఒకవైపు లేత నీలపు ఆకాశం కింద గంధపు విగ్రహం. ఇంకోవైపు మాసిన గోడ ముందు కమిలిన గుంటలు.

"ఇందులో ఏది నిజం?"

"రెండోది సార్," అంది దేవిక.

"మొదటిది చూస్తే సహజంగా ఉంది. ఇది చూస్తే కావాలని దిద్దినట్టుంది." ఆయన అద్దాలు సర్దుకున్నాడు. "ఒకసారి కాదన్నాక గుంటలు పుట్టుకొచ్చాయా? ఈ రోజుల్లో కంప్యూటరులో ఏదైనా వేస్తారు."

దేవికకు అప్పటిదాకా ఉన్న భయం పోయింది. దాని స్థానంలో వృత్తిగౌరవం లేచి నిలబడింది.

"సార్, నేను గుంటలు తీస్త. వెయ్య. మా నాయన కాలం నుంచి మా స్టూడియోల ఒక్కరికి మచ్చ పెట్టింది లేదు. గుంట వేసుడు నాకు రానే రాదు!"

బల్ల చివర కూర్చున్న లేడీ డాక్టర్ లేచి, ఖుర్షీదాను తెర వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ చారల బాడీ మరోసారి తన కాళ్ళ మీద తాను నిలబడింది. డాక్టర్ దాన్ని చూసి, భుజం మీది గుంటలో వేలు పెట్టింది. వేలు అందులో సగం దాకా ఇమిడింది, కాలువలో పడుకున్న పిల్ల చేపలా. కళ్ళు మూసుకోమని, సూది మొనతో ఖుర్షీదా వేళ్ళను ఒక్కొక్కటే తాకుతూ, "తెలుస్తోందా?" అని అడిగింది.

"ఎప్పుడు తాకుతరు మేడం?" అంది ఖుర్షీదా.

డాక్టర్ అప్పటికే అన్ని వేళ్ళూ తాకేసి ఉంది.

బయటికొచ్చి బల్ల దగ్గర తక్కువ మాటల్లో చెప్పింది. రెండోదే నిజం. నరం నలుగుతోంది. ఆలస్యం చేస్తే చెయ్యి పోతుంది.

జయానందం కలం మూత తీశాడు. "చివరగా ఒక్క మాటమ్మా. మేం రాయాలి కాబట్టి అడుగుతున్నా. ఇది అందం కోసం కాదు కదా?"

తలుపు దగ్గర నిలబడ్డ పరమేశ్ తల అడ్డంగా ఊపాడు. కాదని చెప్పు, కాదని చెప్పు. ఖుర్షీదా నోరు తెరిచింది. కాదు అన్న మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది కూడా. కానీ ఆ లేత నీలపు ఆకాశం బల్ల మీది నుంచి ఆమెనే చూస్తోంది. దేవిక దిద్దిన ఆ బొమ్మను మొదటిసారి చూసినప్పటి నుంచి, ఎవరికీ చెప్పకుండా, చాయ్ పోస్తూ, దారం ఎక్కిస్తూ, ఆమె దాన్ని తలచుకుంటూనే ఉంది. ఆ భుజాలు. ఆ మెడ. ఎవరిదో అనుకున్న ఆ ఒళ్ళు తనది కూడా కావచ్చునన్న ఊహ, దుకాణంలో దూది పింజలా, ఎంత దులిపినా మళ్ళీ వచ్చి వాలుతోంది.

"చెయ్యి కోసమే సార్," అంది. "చెయ్యి లేకపోతే నేను లేను. దాని కోసమే వచ్చిన."

"సరే."

"గని..."

పరమేశ్ నుదురు కొట్టుకున్నాడు.

"గని మీరు కోసి, కుట్టినంక నేను మంచిగ కనబడితే ఎట్ల సార్? జుర్మానా ఏమన్న ఉంటదా?"

జయానందం కాగితం మీది నుంచి తల ఎత్తాడు.

"ముందుగాలే చెప్తున్న, తరువాత లొల్లి కావొద్దు," అంది ఖుర్షీదా. ముఖం దిగులుగా పెట్టాలన్న పాఠం ఎప్పుడో గాలికి పోయింది. "అందం నేను అడుగుతలేను. నాకు అందం ఎరుక లేదు గూడ. గని అది తనకు తనే వస్తే పొమ్మంటనా? పొమ్మనాలంటే చెప్పుండ్రి. మంచిగ కనబడకుండ కుట్టమని డాక్టరు సాబులకు నేనే చెప్త."

లేడీ డాక్టర్ ఫొటోల వెనక ముఖం దాచుకుంది. జయానందం కలం మూత పెట్టబోయి, దాన్ని బల్ల కిందికి జారవిడిచి, వంగి వెతుకుతున్నట్టు చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. బల్ల కింద నుంచి ఆయన భుజాలు ఎగసిపడటం తలుపు దగ్గరి పరమేశ్‌కు కనిపించింది. పైకి లేచేసరికి తెల్ల కనుబొమల కింద కళ్ళు తడిగా ఉన్నాయి.

"నాకు ఇన్నేళ్ళ సర్వీసులో ఎవరూ ఇది అడగలేదమ్మా," అన్నాడు. "గుండెకు ఆపరేషన్ చేసి పంపినవాళ్ళు మీసాలకు రంగేసుకుని థ్యాంక్స్ చెప్పడానికి వస్తారు. ఎవరికీ జుర్మానా వెయ్యలేదు. చెయ్యి కోసం అని రాస్తున్నా. మిగిలింది మీరూ మీ దేవుడూ చూసుకోండి."

ఆపరేషన్ ఆ పెద్దాసుపత్రిలోనే అయింది. మత్తు దిగి కళ్ళు తెరిచినప్పుడు ఖుర్షీదాకు ముందు తెలిసింది నొప్పి కాదు, ఊపిరి. ఎవరో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినట్టు లోపల చోటు. గాలి వచ్చి ఆ చోటంతా తిరిగి చూసుకుంటోంది. పక్కన కూర్చున్న సాబిర్ ఆమెకేసి చూసి, చూపు తిప్పుకుని, మళ్ళీ చూసి, "ముసంబి రసం తాగుతవా?" అని అడిగాడు. అతనికి అంతకంటే ఎక్కువ మాటలు రావు. చెవులు మాత్రం పరమేశ్ చెవుల్లా ఎర్రబడ్డాయి.

గాయాలు ఆరాయి. వేళ్ళలోకి ప్రాణం ఒక్కసారిగా రాలేదు, ముందు చీమలు పాకినట్టు, తర్వాత సూదులు గుచ్చినట్టు వచ్చింది. ఆ తర్వాత ఒకరోజు చాయ్ గ్లాసు పట్టుకుని "అబ్బ, కాలుతున్నది!" అని వదిలేసింది. గ్లాసు పగిలితే సాబిర్ పెంకులు ఏరుతూ ఈద్ వచ్చినంత సంబరపడ్డాడు.

మమత సరే అన్నాక ఆమె దుకాణానికి వచ్చింది. సాబిర్ మిషన్ ఆపి, ఒక చిన్న రజాయి పరిచి, దబ్బనంలో దారం ఎక్కించి ముందు పెట్టాడు. పెట్టి, దూదిలో ఏదో పని ఉన్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. ఖుర్షీదా ఒక మోకాలు మడిచి కూర్చుంది. తన మోకాలు తనకు కనిపించింది. అది ఇన్నాళ్ళూ అక్కడే ఉందని తెలిసినా పలకరించినట్టు దాన్ని ఒకసారి నిమిరింది. దబ్బనం తీసుకుంది. ఇనుము చల్లదనం వేలికి తగిలింది. దించింది, తీసింది. దించింది, తీసింది. రజాయి మీద తిన్నటి కుట్టు నడవసాగింది.

దారం బిగించడానికి ఆమె నడుము వెనక్కి లాగింది. ఇన్నేళ్ళూ ముందుకు గుంజే బరువుకు ఎదురుగా వెనక్కి ఒరిగి ఒరిగి, ఆ నడుముకు అదే చదువైపోయింది. ముందు గుంజేదేమీ ఇప్పుడు లేదన్న కబురు దానికి ఎవరూ చెప్పలేదు. ఆమె అట్లాగే, దారం చేతిలో పట్టుకుని, కాళ్ళు పైకి లేచి, వెల్లకిలా ఏకిన దూది కుప్పలోకి పడిపోయింది. కుప్ప నోరు తెరిచి మింగేసింది. పింజలు గది నిండా లేచాయి.

"యా అల్లా! తాకిందా?" సాబిర్ దూదిని రెండు చేతులా తోడసాగాడు. "కుట్లు? ఖుర్షీదా, కుట్లు ఎట్లున్నయి?"

లోపలి నుంచి నవ్వు వినిపించింది. ముందు సన్నగా, తర్వాత గట్టిగా, ఆగకుండా.

"అన్నీ మంచిగనే ఉన్నయి. తోడకు. జర గిట్లనే ఉండనియ్యి."

షట్టరు దగ్గర ఎవరో ఆగి తుమ్మారు. "దుకాణంల ఎవలన్న ఉన్నరా?"

"ఉన్నమమ్మా, ఉన్నం!" దూదిలోంచి జవాబు వచ్చింది. "మీరు కూసోండ్రి. నేను జర నేలకు వచ్చినంక మాట్లాడుత."